పెనుకొండ దారిలో ఎదురొచ్చిన సరోజత్త

దయ్యాలు, గాలి, ధూళి అంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు కూడా ఎవరినో భయపెట్టడానికి ఇది రాయడం లేదు. మా బంధువులు ఈ సంగతిని తలా ఒక రకంగా చెప్పుకుని మురిసిపోతుంటే ఒళ్లు మండి రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు ఒక్కచోటైనా ఉండాలి కదా.

మాది ధర్మవరం. నేనిప్పుడు కొలంబియాలో, కొండల మధ్య ఒక చిన్న ఊళ్లో స్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ఇక్కడ అందరూ మాట్లాడేది స్పానిష్. నీకు స్పానిష్ రాదు, వాళ్లకు తెలుగు రాదు, ఏం చెప్తావు అని మా వీధిలో అడగనివాళ్లు లేరు. అడగనిది ఒక్క సరోజత్తే.

సరోజత్త మా నాయనకు అక్క. పెళ్లయిన మూడేళ్లకే మామ పోతే మా ఇంటికి వచ్చేసింది. పెనుకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవై ఏళ్లు ఇంగ్లీషు టీచరుగా పనిచేసింది. రోజూ పొద్దున్నే ధర్మవరంలో బస్సెక్కి, పెనుకొండ దగ్గర హైవే మీద దిగి, గొడుగు వేసుకుని స్కూలుకు నడిచేది. షుగరు ముదిరి కాళ్లు తిమ్మిర్లు పట్టాక మానేసింది.

ఈ ఉద్యోగానికి ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ పెట్టారు. దానికి నన్ను తయారుచేసింది ఆమే. మంచం మీద కూర్చుని, ఒక్క ముక్క ఇంగ్లీషు రాని పిల్లలా నటించేది. నేను తెలుగు మాట్లాడకుండా, బొమ్మలు గీసి, చేతులు తిప్పి పాఠం చెప్పాలి. అర్థమైనా అర్థం కానట్టు మొహం పెట్టి సతాయించేది. అట్లా నెల రోజులు. ఇంటర్వ్యూలో వాళ్లు సరిగ్గా అదే చేసి చూపించమన్నారు. ఉద్యోగం వచ్చిందంటే ఆమె చలవే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

అంత తెలిసీ ఏం చేశారో చూడండి.

నేను బయల్దేరే రోజు హిందూపురం నుంచి పెద్దమ్మ దిగింది, మా పెదనాయన భార్య. మా ఇంట్లో ఏ శుభకార్యమైనా ఆమె చెప్పినట్టు జరగాల్సిందే. తొమ్మిదికి రాహుకాలం వస్తుంది, ఆలోపే గడప దాటాలంది. తర్వాత సరోజత్త వైపు తిరిగింది.

"సరోజా, నువ్వు ఎదురు రావాకు. బిడ్డ సముద్రాలు దాటి పోతాండాది. రూములోనే ఉండు."

ముత్తైదువ ఎదురొస్తే మంచిదట. మొగుడు పోయినామె ఎదురొస్తే పని చెడిపోతుందట. ఆ మొగుడు పోయినామె వల్లనే కదా నాకు ఆ పని దొరికింది! అత్త "సరే వదినా" అని గదిలోకి పోయింది.

అంతటితో ఊరుకుందా? మర్సిపోయి వచ్చేస్తాదేమో అని పెద్దమ్మ ఆ గదికి బయటి నుంచి గడియ పెట్టింది. అత్త ఫోను హాల్లో చార్జింగులో ఉంది. ఆమె పొద్దున షుగరు మాత్ర వేసుకుంది, నేను పోయాక తిందామని టిఫిను వంటింట్లో మూతపెట్టి ఉంచింది. ఈ రెండూ మాకు తర్వాత తెలిశాయి.

టైమైపోతోందని ఒకటే గోల. అమ్మ, నాయన, పెద్దమ్మ, నేను విమానాశ్రయానికి పోవడానికి అద్దె కారెక్కాం. నాయన ఎప్పటిలాగే వాకిలికి తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు. ఇంట్లో మనిషి ఉంటే తాళం ఎందుకని ఒక్కరికీ తట్టలేదు. రాహుకాలం గుర్తుంది, మనిషి గుర్తులేదు.

పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి పది కూడా కాలేదు. ఎండ బాగా కాస్తోంది. రోడ్డు పని జరుగుతుంటే డ్రైవరు కారు నెమ్మది చేశాడు. నేను వెనక సీట్లో ఎడమ కిటికీ దగ్గర ఉన్నాను. రోడ్డు వారన, మాకు ఎదురుగా సరోజత్త నడిచి వస్తోంది. కాఫీరంగు చీర, నల్ల గొడుగు, భుజాన గుడ్డసంచి. బడికి పోయేటప్పటి ఆ తొందర నడకే. కారు పక్క నుంచే పోయింది.

ముందు సీట్లోంచి నాయన "అక్కా!" అని కేకపెట్టాడు. పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అమ్మ నా కాగితాల సంచి సర్దుతూ ఉంది, ఏమీ చూడలేదు. అది కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

కారు ఆపించి నాయన, నేను దిగాం. వెనక ఎవరూ లేరు. రెండు పక్కలా కోసేసిన వేరుశనగ చేలు. దాక్కుందామన్నా ఒక్క చెట్టు లేదు. డ్రైవరుకు మా అత్త ఎవరో తెలియదు, అతను మా ఇంటికి రావడం అదే మొదటిసారి. నాయన అతన్ని "ఏమప్పా, నువ్వు చూసినావా?" అని అడిగాడు.

"గొడుగేసుకున్న యమ్మే కదా సార్? చూసినా. యాడ పోయిందో మల్లా అగపడల్యా."

ఇంకో మాట. ఆ కాఫీరంగు చీర అత్త స్కూలు మానేసిన ఏడాదే చిరిగిపోయింది. దాన్ని చింపి ఇల్లు తుడిచే గుడ్డలు చేసింది మా అమ్మే.

పెద్దమ్మకు అప్పుడు కూడా దేని బాధ పట్టుకుందో తెలుసా? శకునం! "ఎదురొచ్చేసిందే! తిప్పప్పా కారు. ఇంటికి పోయి కాళ్లు కడుక్కొని మల్లా బయల్దేరల్ల" అని డ్రైవరును తొందరపెట్టింది.

నాయన మొహం పాలిపోయింది. "వదినా, గడియ తీసినావా?" అన్నాడు.

"తీయల్యా" అంది పెద్దమ్మ.

అత్త ఫోను మోగి మోగి ఆగిపోయింది. పక్కింటి ఈశ్వరమ్మ దగ్గర మా ఇంటి తాళంచెవి ఇంకొకటి ఉంటుంది. నాయన ఆమెకు ఫోను చేశాడు. ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకునే పరుగెత్తింది. గడియ లాగిన చప్పుడు మేమంతా విన్నాం. పెట్టింది పెట్టినట్టే ఉందని ఆమె ఇప్పటికీ చెబుతుంది. ఆ గదికి వేరే వాకిలి లేదు. కిటికీకి ఇనుప చువ్వలు.

అత్త మంచం పక్కన నేల మీద పడి ఉంది. ఒళ్లంతా చెమటలు, పిలిస్తే పలకలేదు. ఈశ్వరమ్మ, ఆమె కొడుకు కలిసి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. షుగరు బాగా పడిపోయిందని, ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరు అన్నాడట. మావాళ్లు నన్ను విమానం ఎక్కించి ఇల్లు చేరేసరికి రాత్రయ్యేది. ఆమె అంతసేపు ఉండేది కాదు.

నాయన అక్కడే దిగి ధర్మవరం బస్సెక్కాడు. నేనూ వస్తానంటే వద్దన్నాడు. మిగిలినవాళ్లం పెనుకొండలో ఒక హోటలు ముందు కూర్చున్నాం. మధ్యాహ్నం అత్త ఆసుపత్రి నుంచి నాయన ఫోనులో మాట్లాడింది. నువ్వు ఇక్కడికి ఎట్లా వచ్చావని ఏడుస్తూ అడిగాను.

"నేను యాడికీ రాలేదు పాపా. మంచం దిగేకే చేతగాలేదు. నువ్వు పో. క్లాసుకు లేటుగా పోవాకు."

పోయాను.

ఇక మా బంధువుల సంబరం చూడాలి. ఒకరేమో ఎండకు కళ్లు బైర్లు కమ్మాయంటారు. నలుగురికీ ఒకేసారి, ఒకే గొడుగుతోనా? ఇంకొకరు ఆమెను పోలిన మనిషి అయ్యుంటుందంటారు. మరి ఆ మనిషి ఎటు పోయినట్టు? పెద్దమ్మ హిందూపురంలో ఏం చెప్పుకుంటోందంటే, తాను గడియ పెట్టబట్టే దేవుడు ఆ మహిమ చూపించాడట. అనడానికి నోరెట్లా వచ్చిందో! అత్త రోడ్డు మీద కనిపించడం అందరికీ వింతే. మనిషిని గదిలో పెట్టి గడియ వేయడం మాత్రం ఎవరికీ వింతగా లేదు.

ఇక్కడ నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు కూడా భర్త పోయిన మనిషే. నల్ల గౌను వేసుకుంటుంది. పొద్దున ఎవరు బయటికి పోతున్నా ఆమె గడప దగ్గరికి ఎదురొచ్చి, బొటనవేలితో నుదుటి మీద శిలువ గీసి పంపిస్తుంది. ఆమెకు చెప్పకుండా పోతే కోప్పడుతుంది. మొదటి రోజు నాకూ గీసింది. స్కూలు దాకా ఏడుస్తూనే నడిచాను.

జరిగిపోయిందానికి ఇంకా ఎందుకే అంత కోపం అని అమ్మ ఫోనులో అంటుంది. చెప్పేస్తాను. పెద్దమ్మ గడియ పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అంతకుముందు నా వీసా ఒకసారి వెనక్కి వచ్చింది. మళ్లీ ఏదైనా అడ్డం పడుతుందేమోనని నాకూ లోపల భయమే. ఐదు నిమిషాలే కదా అనుకుని చెప్పులు వేసుకున్నాను. చెయ్యి చాస్తే ఆ గడియ నాకు అందేది.

గదిలో పడి ఉన్న మనిషి ఆ దారిలోకి ఎట్లా వచ్చిందో నాకు ఈ రోజుకీ అంతుపట్టదు. చెయ్యెత్తి కారు ఆపమందని నాయన అంటాడు. ఏడుస్తూ వచ్చిందని పెద్దమ్మ అంటుంది. నన్ను అడిగినవాళ్లకు, నన్ను చూసి నవ్విందని చెప్పాను. అత్తకు కూడా అదే చెప్పాను.

అబద్ధం. నా కిటికీని రాసుకుంటూ పోయింది. నా వైపు చూడలేదు.