అత్తమ్మ చేతి మీది పొర

మాది మిర్యాలగూడ. మావారికి రైస్ మిల్లు ఉంది. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. పక్కింటి టీచరమ్మగారు ఆదివారం చర్చి నుంచి వచ్చి చేపలు వేయించారంటే, మా అత్తమ్మ వెంటనే వంటింటి కిటికీ మూయించేది.

నిరుడు పూరీలు చేస్తుంటే మూకుడు ఒరిగి, నూనె పడి ఆమె కుడిచెయ్యి కాలింది. సూర్యాపేట దవాఖానలో డాక్టరుగారు గాయం మీద పల్చటి తెల్లని పొర పరిచి కట్టు కట్టారు. కొత్త చర్మం రావడానికి అది ఆసరా అన్నారు. చెయ్యి చక్కగా మానింది.

చివరిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అత్తమ్మ సంబరంగా అడిగింది.

"ఆ పొర దేంతోని చేస్తరు సారూ?"

"చేప చర్మంలోంచి తీసిన కొలాజెన్‌తో అమ్మా."

అత్తమ్మ ముఖం పాలిపోయింది.

"మరి తీసేసిన్రు గద?"

"తీసేదేముంది? కరిగి మీ ఒంట్లోనే కలిసిపోయింది."

దారి పొడవునా ఆ చేతిని ఒళ్లో పెట్టుకోకుండా, పరాయివాళ్ల చెయ్యిలా పక్కకు చాపి కూర్చుంది. ఇంటికొచ్చాక చెంచాతో తిన్నది. దీపం నన్నే పెట్టమన్నది.

ఆదివారం వేపుడు వాసన రాగానే అలవాటు కొద్దీ కిటికీ దగ్గరికి పరుగెత్తాను.

"ఉండనియ్యే," అంది అత్తమ్మ, చెయ్యి తిప్పి చూసుకుంటూ. "లోపలికి రానే వచ్చింది గద. ఇంకేం మూస్తవ్?"

ఆ సాయంత్రం ఆ చేత్తోనే దీపం పెట్టింది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి తెరిపించలేకపోయిన కిటికీని ఓ చేప తెరిపించింది.