చెక్క ఫ్యూజు

ఈ ఉదయం షెడ్డులో ట్రామ్ దీపాల స్విచ్ వేశాను. బొటనవేలంత లావు నల్ల మీట, కిందికి లాగితే టక్కుమని పడుతుంది. ఆ చప్పుడు వెనకాలే బల్బుల మీది దుమ్ము మాడిన వాసన, పాత వార్నిషు వేడెక్కిన వాసన వచ్చాయి. ఆరేళ్ళుగా వింటున్న చప్పుడే. అయినా ప్రతిసారీ లోపలి నుంచి ఎవరైనా అరుస్తారేమోనని చెవులు రిక్కించి నిలబడతాను. ఇవాళ ఎవరూ అరవలేదు. ఈ భయం నాకు నేనే తెచ్చిపెట్టుకున్నాను. దీనితో ఎలా పనిచేయాలో నేర్పింది మాత్రం సూర్యనారాయణ అంకుల్.

దేశంకాని దేశంలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో, మా అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా కింది ఇంట్లో మాధవి అక్క ఉండేది. సూర్యనారాయణ అంకుల్ అక్కకు నాన్నగారు. కాకినాడ దగ్గర కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. కూతురి దగ్గర ఆరు నెలలుందామని వచ్చారు. పదిరోజులు తిరక్కుండానే మాధవి అక్క నా తలుపు కొట్టింది. "ఇంట్లో ఉన్న స్విచ్‌బోర్డులన్నీ విప్పేస్తున్నారే నాన్న! ఇల్లు అద్దెకిచ్చిన లీజింగ్ ఆఫీస్ వాళ్ళు చూశారంటే మమ్మల్ని ఖాళీ చేయిస్తారు. నీకేదో శనివారం పిచ్చి ఉందిగా, ఆయన్నీ తీసుకుపో తల్లీ, పుణ్యముంటుంది" అంది. నా శనివారం పిచ్చి ఈ ట్రామే. వారమంతా లాస్ కొలినాస్‌లోని ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, శనివారం నలభై నిమిషాలు హైవే మీద డ్రైవ్ చేసి, వందేళ్ళనాటి చెక్క ట్రామ్‌ని బాగుచేసే ఈ షెడ్డుకి వచ్చేదాన్ని. వచ్చేవాళ్ళందరూ వాలంటీర్లే. వాల్టర్ అనే పెద్దాయన మా అందరికీ మేస్త్రీ. నాకు అప్పగించిన పని సీట్లకు గరుకు కాగితం రుద్దడం. నన్ను నేను ఇంజినీర్ననుకుంటూ రుద్దేదాన్ని.

మొదటిరోజు అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో టిఫిన్ డబ్బాతో దిగారు. వాల్టర్ ఏదో చెబుతుంటే సగం అర్థమై సగం కాక తలూపుతూ, నేరుగా ట్రామ్ ముందు వసారాలోకి ఎక్కారు. డ్రైవరు నిలబడే చోటది. అక్కడ తలకు ఎత్తుగా ఒక చెక్కపెట్టె ఉంది. మూత తీశారు. లోపల ఈ నల్లమీట స్విచ్, దాని పక్కన రెండు రాగి పట్టీలు, పట్టీల మధ్య చుట్టలాంటి ఫ్యూజు. ఆయన మొహం చూడాలి, చిన్ననాటి స్నేహితుడు ఎదురైనట్టు వెలిగిపోయింది. "ఓరి నీ! నువ్వింకా బతికే ఉన్నావురా?" అన్నారు, స్విచ్‌తో.

దీపాల లెక్క ఆయనే నాకు విప్పి చెప్పారు. పైన తీగలో ఆరువందల వోల్టులు. బల్బు తట్టుకునేది నూట ఇరవై. అందుకని ఐదు బల్బుల్ని ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపేశారు, తలా ఒక వాటా పంచుకుంటాయి. నన్ను దూరంగా నిలబెట్టి, పాఠం కోసం ఆ ఒక్కసారికీ వెలుగుతుండగానే ఒక బల్బు ఊడదీశారు. ఐదూ ఆరిపోయాయి.

"ఇప్పుడు కరెంటుందా, లేదా?" అని అడిగారు.

"దీపాలు లేవుగా అంకుల్. లేదు" అన్నాను.

"ఇంజినీరమ్మా నువ్వు?" అని నుదురు కొట్టుకున్నారు. "ఇందాక ఐదుగురు పంచుకున్నదంతా ఇప్పుడు ఈ ఖాళీ హోల్డరు నోట్లో కూర్చుని కాచుకుని ఉంది. ఇక్కడ వేలు పెట్టావంటే అది నీకే. చీకటిని చూసి కరెంటు పోయిందనుకోకు. స్విచ్‌ని అసలు నమ్మకు. పాతవాటిలో లోపలి నాలుక అతుక్కుపోయినా పైన మీట మాత్రం ఆపినట్టే కనిపిస్తుంది. ఫ్యూజు పీకు. పీకి నీ జేబులో వేసుకో."

ఈ జేబు సంగతి ఆయనకు ప్రాణంతో సమానం. వాళ్ళ డిపార్ట్‌మెంటులో స్తంభమెక్కేవాడు కింద ఫ్యూజు పిడి ఊడదీసి, దాన్ని తన జేబులోనే పెట్టుకుని ఎక్కుతాడట. పింగాణీ పిడి, ఒక్కటే ఉంటుంది. అది తన దగ్గరుంటే కింద ఎవడు తొందరపడినా కరెంటివ్వలేడు. "పక్కవాడి చేతికిచ్చావా, నీ తాళి వాడి చేతికిచ్చినట్టే" అనేవారు. ట్రామ్‌లోనూ అంతే. బల్బు ముట్టుకోవాలంటే ఫ్యూజు ఆయన జేబులోకి వెళ్ళాల్సిందే. వాల్టర్ మొదట్లో నవ్వేవాడు. తర్వాత తను కూడా జేబు తడిమి చూపించి, అంకుల్ పేరు చివరి ‘రావు’ని పట్టుకుని "ఓకే, మిస్టర్ రావ్?" అనడం మొదలుపెట్టాడు. నేనూ నేర్చుకున్నానని అనుకున్నాను.

ట్రామ్‌ని జనానికి చూపించడానికి ఇంకా నెల రోజులుందనగా ఆ శనివారం వచ్చింది. వాల్టర్ బ్రేకుల గాలిపంపు పరీక్ష చేస్తున్నాడు కాబట్టి పైతీగనుంచి కరెంటు బండిలోకి వస్తూనే ఉంది. నేను షాపుకెళ్ళి కొత్త బల్బులు కొనుక్కొచ్చాను. వసారాలోకెక్కి చూస్తే పెట్టె మూత తెరిచి ఉంది, రాగి పట్టీల మధ్య ఖాళీ. లోపలికి వెళ్ళే తలుపు మూసి ఉంది. అంకుల్ భోజనానికి వెళ్ళుంటారనుకున్నాను. ఫ్యూజు బిగించడం ఎవరో మర్చిపోయారనుకున్నాను. పెట్టె పక్కనే అట్టడబ్బాలో కొత్త ఫ్యూజులు పదో పన్నెండో ఉన్నాయి. ఒకటి తీసి నొక్కాను. నా తెలివికి నేనే మురిసిపోతూ స్విచ్ కూడా వేశాను. దీపాలు వెలగలేదు. సరేలే, ఏదో బల్బు పోయుంటుంది, అనుకుని, కారులో ఉన్న కొత్త బల్బులు తెద్దామని దిగిపోయాను. ఆయన నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిన పాఠం అప్పుడు నా బుర్రలో ఏ మూలన ఉందో ఆ దేవుడికే తెలియాలి.

పది అడుగులు వేశానో లేదో, లోపల అరుపు. ఆ వెంటనే ధబ్బుమని చప్పుడు.

అందరం పరిగెత్తాం. అంకుల్ రెండు సీట్ల మధ్య పడి ఉన్నారు. కుడిచేతి రెండు వేళ్ళు తెల్లగా కాలిపోయాయి. పైన ఒక బల్బు ఊడదీసి ఉంది. పొడి చెక్కసీటు మీద నిలబడి, ఒక్క చేత్తోనే పనిచేసే అలవాటు ఆయన్ని బతికించింది. రెండో చేయి జేబులో ఉంది. కళ్ళు తెరవగానే ఆ చేయి బయటకు తీసి గుప్పిట విప్పారు. "ఫ్యూజు నా దగ్గరే ఉంది... ఇదిగో... నా దగ్గరే" అన్నారు తెలుగులో, వాల్టర్‌తో.

వాల్టర్ వసారాలోకి వెళ్ళి చూసొచ్చాడు. పట్టీల మధ్య ఫ్యూజు ఉంది, స్విచ్ వేసి ఉంది. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడు నేను నోరు తెరవాలి. తెరవలేదు.  ఒక్క నిమిషం గడిచింది. ఆ నిమిషం గడిచాక, ఇంతసేపూ ఎందుకు చెప్పలేదని అడుగుతారన్న భయం పట్టుకుంది. వాల్టర్ ఆయన భుజం మీద చేయివేసి మెల్లగా అన్నాడు: "మన వయసులో ఇలాంటివి జరుగుతాయి మిత్రమా. మర్చిపోతుంటాం. ఇక మీరు విశ్రాంతి తీసుకోండి." ఆ మాటను తెలుగులో ఆయనకు చెప్పింది ఎవరనుకున్నారు? నేనే. తూచా తప్పకుండా చెప్పాను. సిగ్గులేని జన్మ!

ఎనిమిది రోజులు వాళ్ళ గుమ్మం తొక్కలేదు. తొమ్మిదో రోజు, ఆదివారం, పులిహోర గిన్నె పట్టుకుని వెళ్ళాను, అదేదో ప్రాయశ్చిత్తమైనట్టు. అంకుల్ సోఫాలో కూర్చుని కట్టుకట్టిన చేత్తో కాగితం మీద ఏవో గీకుతున్నారు.

"ఏం రాస్తున్నారంకుల్?"

"నేను పనిచేసిన సబ్‌స్టేషన్లమ్మా, వరస తప్పకుండా. సామర్లకోట, పెద్దాపురం, జగ్గంపేట... గురువారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తోంది మాధవి, జ్ఞాపకశక్తి పరీక్షకి. ముందే చూసుకుంటున్నాను." కాగితం పక్కన పెట్టేశారు. "నేనే పెట్టానేమో తల్లీ ఆ ఫ్యూజు. రెండోది తీసి నేనే పెట్టి, నేనే స్విచ్ వేసి, మర్చిపోయానేమో. నలభై ఏళ్ళలో ఇలా ఎన్నిసార్లు చేశానో, ఎవడి ప్రాణం మీదకు తెచ్చానో ఎవరికి తెలుసు? కూర్చో. కాఫీ పెట్టేవాణ్ణే, స్టవ్ ముట్టుకోవద్దంది అమ్మాయి. కట్టేయడం మర్చిపోతానని."

నా చేతిలోని గిన్నె టీపాయ్ మీద ఎప్పుడు పెట్టానో తెలియదు. "నేను పెట్టాను అంకుల్" అన్నాను. "డబ్బాలోది తీసి నేనే పెట్టాను. మీరు లోపలున్నారని చూడలేదు."

ఆయన నా వైపు తిరిగి కూర్చున్నారు.

"స్విచ్ కూడా వేశావా?"

"వేశాను."

"దీపాలు వెలగలేదు."

"వెలగలేదు."

"కరెంటు లేదనుకున్నావు."

"అవునంకుల్."

అంతే, లేచి నిలబడ్డారు. అంతవరకూ ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. "ఎనిమిది రోజులు! చెయ్యి కాలితే మందు రాసుకున్నాను. నా బుర్ర పోయిందనుకున్నానే, దానికేం రాసుకోమంటావు? రాత్రనక పగలనక నన్ను నేనే దొంగని చూసినట్టు చూసుకున్నాను. మాధవీ! ఇలా రా! ఇది చెప్పేది విను!" మాధవి అక్క వంటింట్లోంచి వచ్చింది. ఆమె ముందు మళ్ళీ చెప్పాను. అంకుల్ నా ఫోన్ నా చేతిలోనే పెట్టి, "వాల్టర్‌కి కొట్టు. స్పీకర్ పెట్టు" అన్నారు. మూడోసారి ఇంగ్లీషులో చెప్పాను. అవతల వాల్టర్ ఒక్కటే అడిగాడు: "మిస్టర్ రావ్ పక్కనే ఉన్నారా? నన్ను క్షమించమని ఆయనతో చెప్పు." అది కూడా నేనే తెలుగు చేసి చెప్పాను, ఏడుస్తూ. మాధవి అక్క నాతో మూడు నెలలు మాట్లాడలేదు. నేనైతే మూడేళ్ళు మాట్లాడేదాన్ని కాదు.

అంకుల్ మాత్రం తర్వాతి శనివారం నా కారు పక్కన నిలబడి ఉన్నారు, ఇస్త్రీ చొక్కాతో, టిఫిన్ డబ్బాతో.  షెడ్డుకెళ్ళాక విరిగిన సీటు చెక్క ఒకటి ఏరుకుని, వాల్టర్ దగ్గర చాకు తీసుకుని, ఎడమచేత్తో చెక్కడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి అచ్చం ఫ్యూజు పొడవూ లావూ ఉన్న చెక్కముక్క తయారైంది. దాన్ని రాగి పట్టీల మధ్య నొక్కితే చక్కగా కూర్చుంది. చెక్కలోంచి కరెంటు పోదు. అది ఉండగా ఇంకో ఫ్యూజు పట్టదు.

"నీ తప్పు నీది. దాన్ని నేను మాఫీ చెయ్యను" అన్నారు, నా వైపు చూడకుండా. "కానీ నాది కూడా ఒకటుంది. జేబులో వేసుకుంటే చాలనుకున్నాను. మా ఊళ్ళో చాలు, పిడి ఒక్కటే కాబట్టి. ఇక్కడ డబ్బానిండా పెట్టుకుని కూర్చున్నారని ఆలోచించలేదు. ఖాళీ చోటు కనబడితే ఎవరికైనా నింపాలనిపిస్తుంది. మంచివాళ్ళకి మరీను. కాబట్టి ఖాళీగా వదలకూడదు." ఆ చెక్కముక్క మీద పెన్సిల్‌తో నా పేరు రాసి ఇచ్చారు. తిరిగి కాకినాడ వెళ్ళేలోగా షెడ్డులో ప్రతి ఒక్కరికీ వాళ్ళ పేరుతో ఒకటి చేసిచ్చారు. ఎవరు బండిలో చేయి పెట్టినా వాళ్ళ చెక్క అక్కడ ఉండాలి. వాళ్ళే తీయాలి.

ఆరేళ్ళయింది. గత ఆదివారం, నాన్నని చూడ్డానికి వెళ్ళిన మాధవి అక్క కాకినాడ నుంచి వీడియో కాల్ చేసింది. ఈసారి నిజంగానే ఆయన మరుపులో పడ్డారు. అక్క పేరు ఒకరోజు గుర్తుంటుంది, ఒకరోజు ఉండదట. సబ్‌స్టేషన్ల వరస ఎప్పుడో పోయిందట.  నిక్షేపంలాంటి బుర్రతో ఉన్న మనిషిని ఆరేళ్ళ ముందే ఎనిమిది రోజులపాటు ఈ నరకంలోకి తోసి చూపించినదాన్ని నేను.

"నాన్నా, ఎవరో చెప్పు" అని అక్క ఫోన్ ఆయన మొహానికి దగ్గరగా పెట్టింది. నా పేరు చెప్పాను. ట్రామ్ అన్నాను. ఆయన మర్యాదగా నవ్వారు, రైల్లో పరిచయమైనవాళ్ళతో నవ్వినట్టు. ఏం చెయ్యాలో తోచక బ్యాగులోంచి చెక్కముక్క తీసి కెమెరా ముందు పట్టుకున్నాను. పెన్సిల్ రాత సగం చెరిగిపోయింది. ఆయన ముందుకు వంగారు. నవ్వు పోయింది, కనుబొమలు ముడిపడ్డాయి.

"లోపల ఎవరున్నారు?" అని అడిగారు.

"ఎవరూ లేరంకుల్."

"చూశావా?"

ఆయన అడిగిన తీరుకి నా వెన్ను నిటారుగా అయింది. ఇంట్లో కూర్చుని ఫోన్ పట్టుకున్నదాన్ని, అబద్ధం చెప్పలేకపోయాను. "చూడలేదంకుల్. చూస్తాను."

"చూసి తియ్యి" అన్నారు.

ఇవాళ స్విచ్ వేసే ముందు ట్రామ్ ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచాను. ప్రతి సీటు కిందా వంగి చూశాను. తలుపు తెరిచిపెట్టాను. ఎవరూ లేరు. అప్పుడు పట్టీల మధ్య నుంచి నా చెక్క తీసి జేబులో వేసుకుని, ఫ్యూజు పెట్టాను.