పథ్యం కూడు

రొమ్ము క్యాన్సరని తేలి, మొదటి కీమో సూది వేయించుకుని నల్గొండ దగ్గరి మా ఊరికి వచ్చిన రోజే అత్త నాకు పథ్యం మొదలుపెట్టింది. గుడ్డు వేడి. మాంసం తింటే చీము. పెరుగు తింటే నిమ్ము. ఇక మిగిలిందేమిటి? మెత్తటి అన్నం, బీరకాయ, కారం లేని చారు. నోరంతా పుళ్లు, ముద్ద మింగితే వాంతి, ఆపైన ఆ బీరకాయ. ఇప్పటికీ సంతలో బీరకాయ కనిపిస్తే ఒళ్లు మండుతుంది.

జాకెట్లు వదులయ్యాయి, గాజులు మోచేతి దాకా జారాయి. పలకరించడానికి వచ్చే చుట్టాలదంతా ఒకటే పాట. "గట్టిగున్న మనిషివి, గిట్ల పుల్లలెక్క అయినవేందే" అంటూ బ్రెడ్డు ప్యాకెట్టు పెట్టి ముక్కు చీదేవాళ్లు. ఒకామె నా మణికట్టును రెండు వేళ్లతో కొలిచింది. "కొలిచింది చాలు, చాయ తాగి పో" అన్నాను. ఒళ్లు చిక్కినా నోరు చిక్కలేదని అత్త సణిగింది.

మూడో సూదికి మా ఆయనా నేనూ హైదరాబాద్ వెళ్లాం. బరువు చూసిన డాక్టరమ్మ సూది ఆపేసింది. ఈ ఒంటికి మందు ఇవ్వలేనని, రెండు వారాల్లో బరువు పెరగకపోతే జబ్బు ముదురుతుందని చెప్పింది. తర్వాత మా ఆయన వైపు తిరిగింది. "మొదటి రోజే, ఈమెకు లోపల సూది ఎక్కుతున్నప్పుడు, మీకు చెప్పాను కదా, గుడ్లు, మాంసం, పెరుగు, అన్నీ పెట్టమని. పెడుతున్నారా?"

ఆయన తల వంచుకున్నాడు. తల్లి ముందు ఆయనకు నోట్లో నాలుక ఉండదు. నార్కట్‌పల్లిలో బస్సు ఆగేదాకా పళ్లు బిగబట్టి కూర్చుని, అప్పుడు అడిగాను.

"అత్తమ్మకు ఎందుకు చెప్పలే?"

"అమ్మ నొచ్చుకుంటదని. మెల్లగ చెప్దామనుకున్న."

"నేను చచ్చినంక చెప్దామనుకున్నవా?"

బస్సులో వాళ్లంతా తలలు తిప్పారు. ఆమె నొచ్చుకోకుండా ఉండడానికి నేను ఎనిమిది కిలోలు తగ్గిపోయాను.

ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా, అత్త ముందు నిలబడి అంతా కక్కేశాను. పోట్లాటకు సిద్ధంగానే ఉన్నాను. ఆమె కత్తిపీట పక్కకు నెట్టింది.

"డాక్టరమ్మ తినమన్నదా? నాకెవరు చెప్పిండ్రు బిడ్డా? చెప్తే కోడిని కొయ్యకపోతుంటినా?"

కొడుకు వైపు ఒక్క చూపు చూసి దొడ్లోకి పోయింది. ఆ సాయంత్రం గోరువెచ్చటి కోడి పులుసు అన్నంలో మెత్తగా పిసికి తనే నోట్లో పెట్టింది. పుళ్లు మండి కళ్ల నీళ్లు కారాయి. అయినా మింగాను.

రెండు వారాలకు కిలోన్నర పెరిగాను. ఈసారి అత్త కూడా దవాఖానకు వచ్చింది. సూది వేయొచ్చని చెప్పి డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పబోతుంటే, అత్త కొడుకును పక్కకు జరిపి కుర్చీలో కూర్చుంది.

"నాకు చెప్పు బిడ్డా. గీనికి చెప్పకు."

ఆ మాట మా ఆయనకు ఇప్పటికీ గుచ్చుకుంటుందట. గుచ్చుకోనీ.