నడవని బండిలో నల్లని మనిషి

దెయ్యాన్ని చూసి పారిపోయినవాళ్లు చాలామంది ఉంటారు. దెయ్యాన్ని కారులో కూర్చోబెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, గేరు వేసి మరీ పారిపోయినవాణ్ని బహుశా నేనొక్కణ్నే. ఆ ఘనకార్యం సౌదీలోని అల్ ఖర్జ్‌లో, పట్టపగలు, సర్కారు మనుషుల ఎదుట జరిగింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. జగిత్యాల నుంచి వెళ్లి ఒక అరబ్బు ఇంట్లో మెకానిక్కు, ప్లంబరు, తోటమాలి అన్నీ నేనే అయి బతుకుతున్నాను. నాకు వీసా ఇచ్చిన ఆ ఇంటాయనే నా కఫీల్. వీధిలో గోడ పక్కన రేకుల షెడ్డు కింద వాళ్ల నాయన కారు, ఆయన పోయినప్పటినుంచి కదలకుండా పడి ఉండేది. ఒకనాడు బలదియా వాళ్లు, అంటే అక్కడి మున్సిపాలిటీ వాళ్లు, దాని అద్దం మీద స్టిక్కరు అంటించారు. నడవని బండి తీసెయ్యాలట, లేకపోతే ఎత్తుకుపోతారట. నా గోడ, నా షెడ్డు, మా నాయన బండి అని కఫీల్ ఆఫీసుకెళ్లి పోట్లాడాడు. నడుస్తుందని చూపిస్తే వదిలేస్తామన్నారు. ఇంటికొచ్చి నాతో ఒకటే మాట అన్నాడు.

"బండి నడిస్తే నీకు ఛుట్టీ. నడవకపోతే లేదు."

ఛుట్టీ అంటే ఊరికెళ్లే సెలవు. మూడేళ్లయింది ఊరు చూసి. నేను వచ్చాక పుట్టిన నా బిడ్డ ఫోనునే నాయనా అని పిలుస్తోంది. కాబట్టి ఆ కారు నడిచి తీరాలి.

ఆ ఇంట్లో తీరిక దొరికేది మధ్యాహ్నమే. అందరూ నిద్రపోతారు. ఎండకు వీధిలో పిల్లి కూడా కనబడదు. మొదటి రోజే తలుపు తీసి వెనక్కి తగ్గాను. సీట్ల మీద దుమ్ము వేలు మందాన పేరుకుని ఉంది గానీ, వెనక సీటులో ఒక మూల, మనిషి కూర్చున్నంత మేర, తుడిచినట్టు శుభ్రంగా ఉంది. తలుపులు మూసిన కారులో అత్తరు వాసన. రెండో రోజు వెనక అద్దాల నల్ల తెరల సందులోంచి తొంగిచూశాను. లోపల ఒక నల్లటి ఆకారం. ముఖం లేదు. అది నెమ్మదిగా నా వైపు తిరిగింది.

అనుమానం పెనుభూతం అంటారు. నాకు అనుమానించే తీరిక ఎక్కడిది, భూతమే ముందొచ్చింది. అయినా భయపడ్డవాడికి చూడకుండా ఉండటం చేతకాదు. వారం రోజులపాటు తొంగిచూడటం, పరిగెత్తడం, ఆకారం మాయమయ్యాక తిరిగొచ్చి నట్లు బిగించడం. చివరికి నా రూములో ఉండే రాజన్నతో చెప్పుకున్నాను. ఆయన నవ్వలేదు, అదే నన్ను ఇంకా భయపెట్టింది.

"గది సచ్చిన పెద్దమనిషి బండి గదరా. ఆయన యాడికి పోతడు? నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు వెట్టు, సప్పుడు చెయ్యడు."

పెట్టాను. మన దగ్గర కొత్త బండికి చేసేదే కదా. కోసి, కుంకుమ దొరక్క కారంపొడి అద్ది మరీ పెట్టాను. తెలివి అక్కడే తెల్లారింది.

తనిఖీ రోజు మధ్యాహ్నం బలదియా ఇన్‌స్పెక్టరు బండ్లెత్తే లారీతో వచ్చాడు. ఇన్‌స్పెక్టరు టైర్లు చూద్దామని వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"ఇదేంటి? సిహరా?"

సిహర్ అంటే చేతబడి. ఆ దేశంలో ఆ మాట తర్వాత వచ్చేది జైలు. నా బిడ్డ మొహం కళ్లముందు తిరిగింది. సాక్ష్యం చిదిమేద్దామని గబుక్కున ఎక్కి తాళం తిప్పాను. ఇంజిన్ అందుకుంది. గేరు వేశాను. అలవాటుగా అద్దంలోకి చూశాను.

వెనక కూర్చుని ఉంది. ముఖం లేదు. ఒక చెయ్యి ముందుకొచ్చి, పోనీ అన్నట్టు నా సీటును రెండుసార్లు తట్టింది.

దూకేశాను. నేను దిగినా కారు ఆగలేదు. నిమ్మకాయల్ని నలుపుకుంటూ, డ్రైవరు లేకుండా, పెళ్లి ఊరేగింపులా నింపాదిగా లారీ వైపు నడిచింది. లారీ డ్రైవరు వీధి చివరిదాకా పరిగెత్తాడు. ఇన్‌స్పెక్టరు ఏవో ప్రార్థనలు చదువుకుంటూ వెనక్కి వెనక్కి జరిగాడు. కారు లారీ బంపరుకు ఆనుకుని ఆగింది. కఫీల్ పరుగున వచ్చి, అమ్మా అంటూ వెనక తలుపు తీశాడు.

బుర్ఖాలో ఒక ముసలమ్మ దిగింది. మూడేళ్లు ఆ ఇంటి టీ తాగాను గానీ, ఆడవాళ్ల గుమ్మం వేరు, దారి వేరు. ఆయనకు తల్లి ఉందనే నాకు తెలియదు. భర్త బండిలో రోజూ మధ్యాహ్నం కాసేపు కూర్చుని వెళ్తుందట. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇన్‌స్పెక్టరు "బండి నడుస్తోంది" అని రాసుకున్నాడు. ఎవరు నడిపారని అడగలేదు. స్టిక్కరు తనే పీకేసి, మళ్లీ ఆ వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ముసలమ్మ గ్రీజు పూసుకున్న నా మొహం కేసి వేలు చూపించి కొడుకుతో చాలాసేపు మాట్లాడింది. అంతా విని కఫీల్ నా వైపు తిరిగాడు.

"వారం నుంచి చెబుతోంది, మధ్యాహ్నం పూట నల్లమొహం జిన్ను ఒకటి తెర సందులోంచి చూసి మాయమవుతోందని. నేనే నమ్మలేదు. ఆ జిన్నును ఎల్లుండికల్లా దాని దేశానికి పంపించెయ్యమంటోంది."

విమానమెక్కి బెల్టు పెట్టుకుని, కళ్లు మూసుకుని ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ బండి తాళం తిప్పినా ముందు వెనక సీటుకు సలాం చెబుతాను. బదులు పలికినవాళ్లు మనుషులైనా, కాకపోయినా, గమ్యం చేర్చే దిగుతాను.