కడుపు కింద నల్ల చార

నేను సూర్యాపేటలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. దానివల్ల పిల్లలకు ఒరిగిందేమిటో తెలియదు గానీ, మా అన్నకు మాత్రం నష్టం జరిగింది.

అన్నకు తిరుమలగిరి దగ్గర నల్ల ఉన్ని గొర్ల మంద ఉంది. మా ఇంట్లో పెళ్లికి పీటల మీద గొంగడి పరిచి పిల్లనూ పిల్లగాణ్ణీ కూర్చోబెడతారు. అది సొంత మందలో ఆ ఏడు పుట్టిన గొర్రెపిల్లల తొలి ఉన్నితో నేయించాలి. వచ్చే ఏడు బిడ్డ పెళ్లి చేయాలని అన్న ఆలోచన. ఇంతలో మందలోని పొట్టేలు చచ్చిపోయింది. కొత్తది కొనడానికి కోదాడ అంగడికి పోతూ, చదువుకున్నవాడినని నన్ను వెంటబెట్టుకున్నాడు.

అక్కడ అన్న ఒక నల్ల పొట్టేలు నోరు తెరిచి పళ్లు చూశాడు, నడుము నొక్కాడు, ఉన్ని పాయదీసి చూశాడు. నా కళ్లు మాత్రం పక్కనున్న గోధుమరంగు దాని మీద పడ్డాయి. ముందురోజే ఫోనులో అడవి గొర్రెకూ ఇంటి గొర్రెకూ పుట్టే సంకరాల గురించి చదివాను. పొట్టి తోక, వెనక్కి తిరిగిన కొమ్ములు, ఉన్నికి బదులు బిరుసు వెంట్రుకలు, కడుపు కింద నల్ల చార. అన్నీ ఉన్నాయి!

“దీంట్ల అడవి రక్తం ఉందన్నా. రోగం దగ్గరికి రాదు,” అన్నాను.

అమ్మేవాడు ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, “సార్ ఇట్టే కనిపెట్టేశారండీ,” అన్నాడు.

“మరి ఉన్నేది తమ్మీ?” అన్నాడు అన్న.

“లోపల దాగుంటది. ఎండకాలం రాలిపోయి మళ్ల వస్తది.”

అన్న నల్లదాని వీపు మీంచి చెయ్యి తీశాడు. నా మాట మీద ఆయనకు అంత నమ్మకం. నాకేమో ఛాతీ ఉబ్బిపోయింది.

అలా కొన్న గోధుమరంగు పొట్టేలు ఫొటో స్టాఫ్‌రూములో అందరికీ చూపించాను. అదే ఫొటోను మిర్యాలగూడలో పశువుల డాక్టరుగా చేస్తున్న స్నేహితుడికి కూడా పంపితే, వెంటనే ఫోను చేసి నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

“అడవీ లేదు, గిడవీ లేదు. కోదాడ దాటితే మందలన్నీ గివే, ఉన్ని రాని కోత గొర్లు. ఉన్ని గొర్ల మీదికి దాన్ని తోలినవా? ఇగ ఖతం.”

అప్పటికే గొర్లు చూడితో ఉన్నాయి.

పుట్టిన పిల్లల్లో సంకర లక్షణాలు చక్కగా వచ్చాయి. గోధుమ మచ్చలు, బిరుసు వెంట్రుకలు, మధ్యమధ్య పలచగా ఉన్ని. పాఠం చెప్పడానికి అంతకన్నా మంచి మంద దొరకదు. గొంగడికి పనికొచ్చే ఉన్ని మాత్రం గుప్పెడు రాలేదు. అన్న కత్తెర తుడిచి సంచిలో పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

“నీ పెండ్లి గొంగడి ఏడుందిరా?” అని అడిగాడు. “పాతదైతేంది, మన గొర్లదే గద.”

అది నా ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ కింద ఉంది. గచ్చు పాడవకుండా నేనే పరిచాను. తీసి చూస్తే ఎలుకలు కొరికిన చిల్లు, అరచేతంత. ఉతికి ఆరేసి, సిగ్గుతో మడతపెట్టి తీసుకుపోయాను.

పెళ్లిలో పిల్లా పిల్లగాడూ దాని మీదే కూర్చున్నారు. చేతిలో అక్షింతలున్నాయి గానీ, నా కళ్లు ఆ చిల్లు మీది నుంచి కదల్లేదు. అన్న అది గమనించాడు. భుజం మీది కొత్త తువ్వాల తీసి, దుమ్ము దులుపుతున్నట్టుగా వంగి, చిల్లు మీద పరిచాడు.

“ఇగ అక్షింతలెయ్యి, సారూ,” అన్నాడు.