వేల్స్‌లోని కాంటన్

ఐటీ ఉద్యోగాలు జోరు మీదున్న రోజుల్లో నేను సింగపూర్ వచ్చాను. మా ఆఫీసు టోవా పాయోలో, ఒక బట్టల కొట్టు పై అంతస్తులో ఉండేది. బ్రిటన్‌లో పార్సిళ్లు చేరవేసే ఒక కంపెనీకి మేము సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. చిరునామా చూసి ఏ పార్సిల్ ఏ ఊరికి వెళ్లాలో చెప్పడమే దాని పని.

ఒకరోజు దాన్ని పరీక్షిస్తుంటే, వేల్స్‌లోని కార్డిఫ్ నగరానికి వెళ్లాల్సిన పార్సిళ్లు కొన్ని చైనాకు వెళ్లాలని చూపించింది. అన్నిటి చిరునామాలోనూ ‘కాంటన్’ అని ఉంది. పక్క సీట్లో కూర్చునే అమ్మాయి తొంగి చూసింది. ఆమె సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన చైనీయురాలు.

“కాంటన్ అంటే గ్వాంగ్‌జౌ లా! మా అమ్మమ్మ పుట్టిన ఊరు. నీ ప్రోగ్రామ్ కరెక్టే, వాళ్ల అడ్రసే రాంగ్” అంటూ, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే ‘లా’తో నవ్వేసింది.

ఊళ్ల పాత పేర్లను కొత్త పేర్లుగా మార్చమని ప్రోగ్రామ్‌కు చెప్పింది మేమే. సరిచేయడం పెద్ద పనేమీ కాదు. కానీ వేల్స్‌లో ఒక పేటకి ఆ పేరెలా వచ్చింది? చైనా నుంచి టీ తెచ్చే ఓడలవాళ్లెవరైనా మోసుకొచ్చారా? అది తెలుసుకోకపోతే నాకు తోచేలా లేదు.

మనకి సాయంత్రమయ్యేసరికి వాళ్లకి పొద్దున. ఆ కంపెనీ కార్డిఫ్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, ఫిర్యాదులు వినే ఒక పెద్దావిడ తీసింది. అదృష్టం కొద్దీ ఆవిడ పుట్టిందీ ఉంటున్నదీ ఆ కాంటన్‌లోనే.

“చైనాకీ మాకూ సంబంధం లేదమ్మాయీ. పూర్వం కన్నా అనే పుణ్యాత్మురాలు ఉండేదట. ఆవిడ పేరు మీద వెలిసిన ఊరు ఇది. మా వెల్ష్ భాషలో ట్రెగన్నా అంటాం. ‘ట్రె’ అంటే ఊరు, ఇంగ్లీషులో ‘టన్’ లాగే.”

అంటే కన్నాపురం! మా అమ్మమ్మగారి ఊరికి దగ్గర్లోనే ఒక కన్నాపురం ఉంది. ఆ మాటే చెప్పి, “మరి కన్నా కాస్తా గన్నా ఎందుకైంది?” అని అడిగాను.

“‘ట్రె’ తర్వాత వస్తే ‘క’ మెత్తబడుతుంది. ఎందుకంటే నేను చెప్పలేను. నోటికి అలాగే వస్తుంది.”

నాకు కుర్చీలోంచి లేవాలన్నంత సంతోషం వేసింది. కూర, కాయ కలిస్తే కూరగాయ అవుతుందని బళ్లో బట్టీపట్టిన సంధి, సముద్రాలకవతల ఆవిడ నోట్లోనూ ఉంది!

ఆ తర్వాత చిరునామాల్లో సందేహాలకని తరచూ ఫోన్ చేసేదాన్ని. పని అయ్యాక చివర్లో నా సొంత ప్రశ్న ఒకటి ఉండేది. అలా కాంటన్ నాకు కొంచెం కొంచెంగా తెలిసింది. దానికి తూర్పున టాఫ్ నది, అవతల అసలు నగరం. పడమటి వైపు ఇంకో నది. మధ్యలో ఒక పొడుగాటి రోడ్డు. ఒకప్పుడు దాని వెంట పల్లెల నుంచి పశువుల్ని తోలుకొచ్చేవారట, పెద్ద సంత జరిగేదట. రైళ్లు వచ్చాక పనివాళ్ల కోసం గోడకి గోడ ఆనించి వరసల కొద్దీ ఇళ్లు లేచాయి.

“మా పార్కు చెరువులో ఒక సీల్ ఉండేది తెలుసా? జాలర్ల వలలో పడితే తెచ్చి వదిలారు. వరదలొచ్చినప్పుడు అది గట్టు దాటి రోడ్డెక్కిందని మా తాతల నాటి కథ. మగ పేరు పెట్టి పిలిచేవారు. పోయాక గానీ ఆడదని తెలియలేదు” అని ఆవిడ ఒకసారి చెప్పింది. పక్క సీటు అమ్మాయి ఆ కథ రెండుసార్లు చెప్పించుకుంది.

ఒకరోజు ఆవిడ ఎదురు ప్రశ్న వేసింది. “మరి నువ్వుండే చోటు?”

“సెంబవాంగ్. ఫ్లాట్లు, ట్రైను, ఓడలు బాగుచేసే యార్డు...”

“ఆ పేరుకి అర్థమేంటి?”

“కనుక్కుని చెప్తాను” అన్నాను.

మా బ్లాక్‌లోనే ఒక తెలుగు ఆంటీ ఉండేది. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి బ్రిటిష్ నౌకా స్థావరంలో పనిచేశాడట. ఆ సాయంత్రమే ఆవిడ తలుపు తట్టాను.

“అదొక మరం పేరు కదమ్మా! చెట్టు, చెట్టు. ఆదివారం రా, జలాన్ జలాన్ పోదాం, నడుచుకుంటా చూపిస్తా” అంది.

ఆదివారం ఇద్దరం నడక మొదలెట్టాం. జిబ్రాల్టర్, మాంట్రియల్, వెల్లింగ్టన్ అని రోడ్ల పేర్లు నేను పైకి చదువుతున్నాను. ఆంటీ మూతి తిప్పింది. “దొరలు ఎక్కడెక్కడి పేర్లో తెచ్చి తగిలించినారు. మేమెవరం ఆ పేర్లు పలికినోళ్లం కాదు. సైరన్ కూసిందంటే అయ్య డ్యూటీకి పోయినట్టు, మళ్లీ కూస్తే మకాన్‌కి, తిండికి, వచ్చినట్టు. అమ్మ అది విన్నాకే అన్నం వార్చేది.”

నల్లటి దూలాలు, తెల్లటి గోడల దొరల బంగళాలు దాటి సముద్రం ఒడ్డుకు చేరాం. ఆంటీ ఒక చెట్టు కింద ఆగి, “ఇదే” అంది. ఆకు తుంచి వాసన చూసి, “కాదేమో, అదీ” అని ఇంకోదాన్ని చూపించింది. గాలం వేస్తున్న ఒక మలయ్ అంకుల్‌ని అడిగితే, ఆయన రెండూ కాదని మూడో చెట్టు వైపు చేయి చాచాడు. ఆంటీ ఆయనతో మలయ్‌లో చాలాసేపు వాదించింది. ఇద్దరూ తగ్గలేదు.

సోమవారం ఫోన్‌లో అంతా పూసగుచ్చినట్టు చెబితే కార్డిఫ్ ఆవిడ పకపకా నవ్వింది. కొన్నాళ్లకి మొదటిసారి తనే ఫోన్ చేసింది.

“కన్నా ఎవరో మా చర్చిలో అడిగాను. ఒకాయన రాజు కూతురన్నాడు. ఇంకొకావిడ కాదు పొమ్మంది. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నాను, ఒక్కసారైనా అడగాలని తోచలేదు చూడు!” ఆవిడ గొంతులో చిన్నపిల్ల ఉత్సాహం ఉంది.

పని ముగిసింది, పార్సిళ్లు వేల్స్ చేరాయి. ఆ తర్వాత ఐటీ జోరు తగ్గి మా ఆఫీసు మూతపడింది, ఆవిడతో మాటలూ ఆగిపోయాయి. నేను ఒక బ్యాంకులో చేరి, సింగపూర్‌లోనే సెంగ్‌కాంగ్‌కి మారాను. కొత్త ఫ్లాట్ చూడ్డానికి పాత ఆఫీసు పక్క సీటు అమ్మాయి నారింజపళ్లు పట్టుకుని వచ్చింది. తను ఇంకా చెప్పులు విప్పకముందే సెంగ్‌కాంగ్ అనే పేరుకి అర్థమేమిటని అడిగాను.

“చైనీస్‌లో వర్ధిల్లే రేవు అని.”

కిటికీలోంచి చూస్తే ఫ్లాట్లు, కడుతున్న ఫ్లాట్లు, క్రేన్లు.

“మరి రేవేది?”

“ఉండేది. నదివైపు జాలర్ల పల్లె ఉండేదని మా నాన్న చెప్పేవాడు. ఎక్కడో నాకూ తెలీదు.”

పళ్లు బల్ల మీద పెట్టేసి, ఇద్దరం లిఫ్ట్ వైపు నడిచాం.