మస్తాన్‌వలి లాప్‌టాప్

సౌదీలో దమ్మామ్‌లోని ఆ సర్వే ఆఫీసులో మ్యాపులు తయారుచేసే కంప్యూటర్ స్క్రిప్టు ఆగిపోతే మస్తాన్‌వలినే పిలవాలి. పిలిచిన వెంటనే రాడు. సులేమానీ చాయ్ చివరి చుక్క దాకా తాగి, కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని వచ్చి, తన లాప్‌టాప్ ముందు కుర్చీలో ఉన్నవాణ్ణి మోచేత్తో నెడతాడు. "పక్కకు జరుగప్పా. ఎవురు ముట్టుకోమన్నారు నిన్ను?" కరీంనగర్ జనార్దన్ ఒకసారి "జర నాకు గూడ నేర్పు భాయ్" అంటే తెర ఠపీమని మూసేశాడు. నేర్పితే గుట్టు బయటపడుతుంది. ప్రతి స్క్రిప్టూ తన లాప్‌టాప్‌లోని ఫోల్డర్ నుంచే పైపులైన్ల డేటా తీసుకునేలా రాసుకున్నాడు. ఇంకో మిషన్‌లో అది నడవదు. సౌదీలకే ఉద్యోగాలంటూ నితాఖాత్ చట్టం వచ్చి పక్క సీట్లు ఖాళీ అవుతుంటే, "నన్ను పంపి చూడమను, ఒక్క మ్యాపు రాదు" అని పళ్లు కొరికేవాడు.

చివరికి అతనికీ, ఇక దేశం విడిచి పొమ్మంటూ, ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. అతని సీటులోకి వచ్చిన సౌదీ యువకుడు ఫహద్ ఎదుట చేతులు కట్టుకుని, "నడిపించుకోండి చూస్తా" అన్నాడు. హైదరాబాదీ మేనేజర్ అనీస్ కోప్పడలేదు. "లాప్‌టాప్ కంపెనీది గద మియా, ఈడ పెట్టి పో" అన్నాడు. ఫహద్ దాన్ని తెరిచి స్క్రిప్టు నడిపాడు. పైపులైన్లన్నిటితో మ్యాపు వచ్చేసింది. మస్తాన్‌వలి వంగి చూడబోతే, ఫహద్ తలెత్తకుండానే మోచేత్తో పక్కకు నెట్టాడు.